రిమాండు రోజుల లెక్క

న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా జైలుకు వెళ్లినప్పుడు ప్రతి ఖైదీనీ ముందు ఒకటే అడుగుతాను: “అన్నా, రిమాండయి ఎన్నాళ్లయింది?” తేదీ చెప్పగలిగేవాళ్లు తక్కువ. దసరాకు ముందనో, నాట్లప్పుడనో అంటారు. రిజిస్టరు చూసి సెక్షను, గరిష్ఠ శిక్ష, రిమాండు తేదీ పక్కపక్కనే రాసుకుంటాను.

ఈ లెక్కకు కోర్టులో విలువ తెచ్చింది పుష్పా కపిలా హింగోరానీ. నైరోబీలో పుట్టి, కార్డిఫ్‌లో లా చదివి, సుప్రీంకోర్టులో ప్రాక్టీసు చేశారు. బిహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి కె.ఎఫ్. రుస్తంజీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రాసిన వ్యాసాలు చదివి 1979లో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. నేరం రుజువైనా పడని శిక్షను విచారణ లేకుండానే అనుభవిస్తున్నవాళ్లు అందులో ఉన్నారు. బాధితులై ఉండీ ‘రక్షణ’ పేరిట జైలుపాలైన ఆడవాళ్లూ ఉన్నారు. అలాంటి పిటిషన్ బాధితులో బంధువులో వేయాలన్నది అప్పటి ఆనవాయితీ. ఆమెకు వాళ్లు చుట్టాలు కారు, ఎవరూ వకాల్తా ఇవ్వలేదు. అయినా జస్టిస్ పి.ఎన్. భగవతి బెంచి విచారణకు తీసుకుంది. సత్వర విచారణ 21వ అధికరణంలోని హక్కేనని తేల్చింది. ఆ ‘హుస్సేనారా ఖాతూన్’ కేసుతో దేశమంతటా దాదాపు 40 వేలమంది విడుదలయ్యారని చెబుతారు.

రుదుల్ సా కేసూ ఆమె వాదించిందే. 1968లో నిర్దోషిగా తేలిన మనిషిని 1982 దాకా జైల్లోనే ఉంచారు. 1983లో సుప్రీంకోర్టు 30 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. హక్కును కాలరాస్తే ప్రభుత్వం డబ్బు కట్టాలన్న దారి అలా పడింది.

ఇప్పుడు మా చేతిలో నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ఉంది. మూడేళ్ల వరకు శిక్షపడే దొంగతనం కేసే తీసుకోండి. అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడైతే మూడోవంతు, అంటే ఏడాది గడిస్తే బాండు మీద వదలాలి. మిగతావాళ్లకు సగం కాలం. వేరే కేసులు పెండింగులో ఉంటే మాత్రం ఇది వర్తించదు. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే అయినా, రోజులు లెక్కేసి అడిగే లాయరు లేకపోతే ఫైలు కదలదు.

బెయిలు వచ్చాక కూడా షూరిటీ దొరకక ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒడిశా నుంచి ఇటుక బట్టీకొచ్చిన కూలీకి ఇక్కడ జామీను నిలబడేదెవరు? ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు మా సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ సమాచారం అందగానే షరతులు సడలించమని మళ్లీ అర్జీ వేస్తాం. పారిపోడన్న నమ్మకముంటే సొంత పూచీకత్తు మీద వదలొచ్చని హుస్సేనారా తీర్పే చెప్పింది. ఆ వాక్యం ఇప్పటికీ నా వాదనలో మొదట వస్తుంది.

హింగోరానీ 2013లో కన్నుమూశారు. ప్యానెల్లో కొత్తగా చేరే అమ్మాయిలకు నేను చెప్పేదిదే: అన్యాయంగా లోపలున్న మనిషి కోసం కోర్టుకెక్కడానికి చుట్టరికం అక్కర్లేదని ఆమె గెలిచి చూపించారమ్మా. ఇక అడక్కుండా ఊరుకోవడానికి మనకు సాకు లేదు.