తోలు సుత్తి

మా తాత ఎన్నడూ కారెక్కలేదు. కారు చక్రం ఊడదీసే పని మాత్రం ఆయనదే.

మాది భీమడోలు దగ్గర పల్లె. ఒకప్పుడు పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. ఊళ్ళో కామందు ఒకాయన స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మద్రాసు నుంచి ఎం.జి. కారు తెప్పించాడు. టి.సి. అనే రకం. ఇంగ్లండులో 1945 నుంచి 1949 దాకా చేశారు, అన్నీ కలిపి పదివేలు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, సైకిలు చక్రాల్లాగా ఊచల చక్రాలు. చక్రానికి నాలుగైదు నట్లుండవు. నట్ట నడుమ ఒకటే నట్టు, దానికి రెండు చెవులు. ఆ చెవిని సుత్తితో కొట్టి ఊడదీయాలి, కొట్టే బిగించాలి. కార్లకి ఈ పద్ధతి పెట్టింది రడ్జ్ విట్‌వర్త్ అనే సైకిళ్ళ కంపెనీ.

కారుతో పాటు వచ్చిన మెత్త సుత్తి ఎవడో కాజేశాడు. కామందు కమ్మరి కొలిమి నుంచి సమ్మెట తెప్పించి కొట్టించాడు. చెవి మీద మెరుపు లేచిపోయి సొట్ట పడింది. పాలేరు పనిలో ఉన్న తాతని తిట్టాడు, కొట్టింది తాత కాకపోయినా. తాత ఆ రాత్రి గూడేనికి వచ్చి దున్నపోతు పచ్చితోలు నానేశాడు. ఊనిన తోలు చెప్పులకి పనికొస్తది గానీ దెబ్బకి ఆగదు. సున్నంలో వేసి బొచ్చు తీసిన పచ్చితోలునే తడి మీద చుట్టకింద గట్టిగా చుట్టి, తాళ్ళతో బిగించి, నీడన ఆరబెట్టాలి. ఆరాక కొయ్యకంటే గట్టి, ఇనుము కంటే మెత్తన. దానికి ఇనపపొన్ను వేయించి తుమ్మకర్ర పిడి తొడిగాడు. ఇంగ్లండులోనూ ఇదే పనికి ఒక పక్క రాగి, ఒక పక్క పచ్చితోలు పెట్టిన సుత్తులు చేస్తారని నేను టీచరునయ్యాక చదివాను. తాతకి ఇంగ్లండు ఎటుందో తెలీదు. తోలు ఎంత దెబ్బకి ఆగుద్దో తెలుసు. ఆ దున్నపోతు కూడా కామందుదే. చచ్చాక మాదయింది.

సుత్తి కామందుకి నచ్చింది. దాన్ని సీటు వెనక పెట్టుకునేవాడు. ఏలూరు వెళ్ళినా తాడేపల్లిగూడెం వెళ్ళినా తోలు సుత్తి కార్లో వెళ్ళేది. దారిలో పంచరైతే కబురొచ్చేది, తాత నడిచి వెళ్ళేవాడు.

తాత మా అయ్యకి నేర్పిన మాట ఒకటే: "ముందుకి కొడితే ఊడుద్ది, ఎనక్కి కొడితే బిగుసుద్ది." కారు ఏ పక్కనైనా సరే, పై చెవిని బండి ముందువైపుకి కొడితే నట్టు వదులవుతుంది. అలా అవ్వాలంటే ఎడమ పక్క చక్రాలకి మామూలు మర, కుడి పక్క చక్రాలకి ఎదురు మర ఉండాలి. నట్టు మీద ఇంగ్లీషులో "అన్‌డూ" అని అచ్చేసి, పక్కన బాణం గుర్తుంటుంది. అది ఊడే దారి. తాత అక్షరం చదవలేదు, బాణం చూశాడు.

అయ్య పద్నాలుగో ఏట లారీ క్లీనరయ్యాడు. కొల్లేటి చేపల్ని కలకత్తా దాకా మోసిన లారీల్లో తిరిగాడు. తర్వాత భీమడోలులో హైవే పక్కన పంచరు షాపు పెట్టాడు. పాత లారీలు కొన్నిటికి ఎడమ పక్క చక్రాల నట్లే ఎదురు మర. కారుకి కుడి పక్క, లారీకి ఎడమ పక్క. ఈ తేడా అయ్యకి చేతుల్లో ఉంది. లారీ నట్టు చక్రం నడుమ ఉండదు, చుట్టూ ఉంటుంది. దాని లెక్క వేరు.

అయ్య చక్రం తీసేటప్పుడు చూడాలి. బండి చదునైన చోట పెట్టించి హ్యాండు బ్రేకు లాగిస్తాడు. మిగతా చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు. చక్రం నేల మీద ఉండగానే రెండు దెబ్బలేసి నట్టు కదిలిస్తాడు. జాకీ మీద ఎత్తాక బలంగా కొడితే బండి జారుతుంది. ఎత్తాక కింద కొయ్య మొద్దు పెట్టందే చెయ్యి పెట్టడు. జాకీని నమ్మొద్దంటాడు. దెబ్బ చెవి కొసన నిలువుగా పడాలి. ఇనప సుత్తి ఎందుకు కూడదంటే మెరుపు పోతుందని కాదు, పెచ్చు లేచి కంట్లో పడుతుంది. చక్రం లోపలి పళ్ళు తుడిచి చూస్తాడు. అరిగి సూదుల్లా అయితే ఆ చక్రం వద్దంటాడు. బాగుంటే గ్రీజు పలచగా రాస్తాడు. మళ్ళీ ఎక్కించేటప్పుడు చక్రం గాలిలో ఉండగా నట్టు చేత్తో తిప్పి, నాలుగు దెబ్బలతో కుదిరేలా కూర్చోబెట్టి, దించాక చివరి దెబ్బలు. పది కిలోమీటర్లు తిరిగొచ్చాక మళ్ళీ ఓసారి. ఈ చివరిది ఎవరూ చెయ్యరు.

ఆ చెవులు రోడ్డు మీద నడిచేవాళ్ళకి తగులుతాయని 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లకి వద్దన్నారు. చాలా కార్లకి చెవులు పోయి ఎనిమిది పలకల నట్లు వచ్చాయి.

నేను 2012 డీఎస్సీలో ఫిజికల్ సైన్సు టీచర్ని అయ్యాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కామందు పోయాడు, కారు గొడ్లసావిట్లో పడింది. సుత్తి మాత్రం తాత ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరూ అడగలేదు.

2023 సంక్రాంతికి కామందు మనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. కారుని అక్కడ ఏదో షెడ్డులో బాగు చేయించి లారీ మీద తెచ్చాడు. పండక్కి ఊళ్ళో తిప్పుదామని. ముందు కుడి చక్రం నట్టు రోజూ వదులవుతోంది. ఎంత కొట్టినా తెల్లారేసరికి అంతే. అయ్యకి కబురొచ్చింది. నాకు పంపడం ఇష్టం లేదు. "కబురు పెట్టగానే నడిచెళ్ళే రోజులు పోయినై" అన్నాను. "నట్టు వదులైతే కామందు మనవడే చస్తాడా, రోడ్డు మీదోళ్ళు చావరా?" అన్నాడు. సుత్తి చంకన పెట్టుకున్నాడు. నేనూ వెళ్ళాను.

అయ్య చక్రం ముందు కూర్చుని బాణం చూశాడు. బాణం వెనక్కి ఉంది. లేచి అటు పక్కకి వెళ్ళి చూశాడు. అక్కడా వెనక్కే.

"ముందు రెండు హబ్బులూ అటుదిటు, ఇటుదటు బిగించారు బాబూ. నేను కొట్టను. బండి కదపొద్దు."

మనవడు ఫోను చేశాడు. షెడ్డాయన అవతల నుంచి అరుస్తున్నాడు: లెఫ్టుకి లెఫ్టు త్రెడ్డే కదా, లారీలకి అంతే కదా అని. మనవడు ఫోను జేబులో పెట్టుకుని, "నువ్వు గట్టిగా కొట్టు, ఏవయ్యా, పని చెయ్యమంటే శాస్త్రం చెబుతావేంటి" అన్నాడు. అయ్య సుత్తి కింద పెట్టేశాడు. అరవై అయిదేళ్ళ మనిషి. నిలబడే ఉన్నాడు. ఆ వాకిట్లో కుర్చీలు నాలుగు ఉన్నాయి.

నేను స్క్రూడ్రైవరు ఊచకి వదులు వాషరు తొడిగాను. ఊచ మీద, వాషరు మీద సుద్దతో ఒకే చోట గీత పెట్టాను. ఊచని మెల్లగా తిప్పాను. వాషరు ఊచ మీద వేలాడుతూ దొర్లింది. ఊచ ఒక చుట్టు తిరిగేసరికి వాషరు గీత వెనకబడింది. వాషరు చుట్టుకొలత పెద్దది గదా. నట్టుకీ చక్రం బొడ్డుకీ మధ్య వెంట్రుకవాసి సందున్నా ఇదే జరుగుతుంది. చక్రం ముందుకి పోయే కొద్దీ నట్టు వెనక్కి పాకుతుంది. మర సరిగ్గా ఉంటే అలా పాకి ఇంకా బిగుస్తుంది. హబ్బులు మారితే అదే పాకడం ఊడదీస్తుంది. సైకిలు ఎడమ పెడలుకి ఎదురు మర పెట్టడం కూడా ఇలాంటి పాకుడుకే.

మనవడు రెండుసార్లు తిప్పించుకుని చూశాడు. "మాస్టారూ, మీరు చెప్పాక అర్థమైంది. కూర్చోండి" అని నాకు కుర్చీ చూపించాడు.

నేను కూర్చోలేదు. "నేను చెప్పింది ఎందుకో మాత్రమే. ఏంటో చెప్పింది మా అయ్య" అన్నాను. ఆయన నవ్వి తల ఊపాడు. ఏది విన్నాడో నాకు తెలీదు.

అయ్య, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మెకానిక్కూ కలిసి రెండు రోజులు కూర్చుని హబ్బులు విప్పి అటూ ఇటూ మార్చారు. బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టారు. నాలుగు నట్లూ తోలు సుత్తితో బిగించి, చెవి మీదా చక్రం మీదా కలిసేలా సుద్దగీత గీసి, గుండుగొలను దాకా వెళ్ళి రమ్మన్నాడు. తిరిగొచ్చాక గీత వెనక్కి జరిగిందేమో గానీ ముందుకి జరగలేదు. అయ్య మళ్ళీ తలా రెండు దెబ్బలు వేశాడు.

పండగ రోజు కారు ఊళ్ళో తిరిగింది. పిల్లలందరూ ఎక్కారు. గూడెం పిల్లలు వెనకాల పరిగెత్తారు. ఫొటోల్లో అయ్యని చక్రం పక్కన గొంతుక్కూర్చోమన్నారు. కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది, ఆయనకి రాలేదు. "నా పని చక్రమేగా" అన్నాడు.

కూలి వెయ్యి రూపాయలిచ్చారు. రెండు రోజులకి తక్కువే. అయ్య లెక్కపెట్టి, "ఇంకో ఆరొందలు బాబూ" అన్నాడు. ఇచ్చారు. తాత అలా అడగలేదు.

వెళ్ళబోతుంటే మనవడు సుత్తి కావాలన్నాడు. మా తాతగారి కారుతో పాటు ఉండాల్సింది, అద్దాల పెట్టెలో పెడతానన్నాడు. అయిదు వేలిస్తానన్నాడు. నేను నోరు తెరిచేలోగా అయ్యే అన్నాడు:

"అది మా నాయన చేసింది బాబూ, అమ్మను. మీకు కావాలంటే పచ్చితోలు ఒకటి తెచ్చుకోండి. నానబెట్టి, బొచ్చు గీకి, చుట్టే పని మీ చేత్తో మీరే చెయ్యాలి. నేను పక్కన కూర్చుని చెబుతా."

మనవడు తప్పకుండా అన్నాడు. మూడోరోజు హైదరాబాదు వెళ్ళిపోయాడు. తోలు ఇంతవరకూ రాలేదు. సుత్తి మా షాపులో పంపు పక్కన మేకుకి వేలాడుతోంది.