నిప్పురవ్వ కోసం శ్రీహరికోటకు

2023 జులై 14. తెల్లవారుజామున నెల్లూరులో బస్సెక్కి సూళ్లూరుపేటలో దిగేసరికే ఊరంతా జనం. అందరూ చంద్రయాన్-3 కోసం వచ్చినవాళ్లే. నేను మాత్రం ఆ రాకెట్టులో వెళ్తున్న ఒక చిన్న పెట్టె కోసం వచ్చాను. ఇరవై ఏళ్లుగా కాలేజీ ల్యాబులో లేజర్లతో పనిచేస్తున్నవాణ్ణి. ప్రజ్ఞాన్ రోవర్‌లోని లేజర్ పరికరం లిబ్స్‌ను సాగనంపాలనిపించింది.

ఊళ్లోని చెంగాళమ్మ గుడిలో దణ్ణం పెట్టుకుని, మరో బస్సులో శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్ వైపు బయల్దేరాను. రోడ్డు పులికాట్ సరస్సు మధ్య నుంచి పోతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు వాలే చోట ఇప్పుడు బీటలువారిన ఒండ్రు. పక్క సీట్లో మనవడితో ఒక పెద్దావిడ. ఆవిడకు నా పెట్టె సంగతి చెప్పాను.

"అది అక్కడికెళ్లి ఏం చేస్తుంది నాయనా?" అని అడిగింది.

"ఉప్పునీళ్లు పొంగి పొయ్యిలో పడితే మంట ఏ రంగుకు తిరుగుతుందమ్మా?"

"పసుపు" అంది వెంటనే.

అది ఉప్పులోని సోడియం రంగు. దీపావళి రంగు అగ్గిపుల్లల్లో ఆకుపచ్చ బేరియానిది, ఎరుపు స్ట్రాన్షియానిది. ఏ మూలకం వెలుగు దానిదే. లిబ్స్ కూడా ఆ వెలుగునే చదువుతుంది. లేజర్ కాంతిని నానోసెకన్ల పాటు సూదిమొనంత చోట గుచ్చితే అక్కడి మట్టి ప్లాస్మాగా మారి మెరుస్తుంది. ఆ మెరుపును స్పెక్ట్రోమీటర్ రంగులుగా విడదీసి, మట్టిలో ఏముందో చెబుతుంది.

మా ల్యాబులో ఇది తేలిక. లెన్సు జరిగితే చేత్తో సరిచేస్తాం. చంద్రుడి మీద ఆ వీలు లేదు. గాలి లేనందున ప్లాస్మా అదుపు లేకుండా విస్తరించి, చిటికెలో మసకబారిపోతుంది. రాకెట్టు ఊపుకు అద్దం వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అంటించిన జిగురు శూన్యంలో ఆవిర్లు వదిలి లెన్సును మసకబార్చకూడదు. ఇన్ని చిక్కులనూ దాటి, 26 కిలోల రోవర్‌లో ఇమిడేలా దీన్ని చేసింది బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాల లియోస్. 2019లో చంద్రయాన్-2తోనూ ఇలాంటి పరికరమే వెళ్లింది. ల్యాండర్ కూలిపోవడంతో చంద్రుడి మట్టిని పరీక్షించకుండానే పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లియోస్ వాళ్లు మాత్రం మళ్లీ చేశారు.

మధ్యాహ్నం 2:35. చెట్లపైన ముందు వెలుగు, తర్వాత పొగ, ఆపైన గుండెలదిరే మోత. 640 టన్నుల రాకెట్టు లేస్తుంటే పెద్దావిడ చేతులు జోడించింది. నా మనసంతా లోపలి అద్దాల మీదే ఉంది. వ్యోమనౌక విడిపోయిందని మైకులో చెప్పగానే "మీ పెట్టె భద్రమేనా?" అంది.

"ఆగస్టులో తెలుస్తుందమ్మా."

ఆగస్టు 23న ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. 28న ఇస్రో లిబ్స్ ఫలితాలు ప్రకటించింది. దక్షిణ ధ్రువానికి దగ్గరలోని నేలలో గంధకం ఉంది. కక్ష్యలోని పరికరాలకు చిక్కని సంగతి అది. నేల మీద నిలబడి రాజేసిన నిప్పురవ్వ దాన్ని చెప్పింది. ఆ ఫలితాల గ్రాఫును మా ల్యాబు గోడకు అంటించాను.

శ్రీహరికోటకు వెళ్తే పిల్లల్నీ వెంటపెట్టుకెళ్లండి. రాకెట్టును చూపించండి. దాని లోపలి పరికరం ఒకసారి పోయినా మళ్లీ ఓపిగ్గా చేసిన చేతుల గురించి కూడా చెప్పండి.