కెన్సింగ్టను దర్శనము

విక్టోరియా రాణినాఁటి ఆంగ్లవనితల వేషమును చిత్రములందుఁ జూచి ముచ్చటపడని సోదరి యుండదు. నేల జీరాడు పావడాలు, సాలెగూటివంటి సన్నని లేసులు, చేత విసనకఱ్ఱ, వెండిపాత్రలతోఁ దేనీటి విందు, ఇవన్నియు నొక కావ్యలోకమువలెఁ దోఁచును. ఆ లోకపు గుఱుతులు నేఁడును నిలిచియున్న చోటు లండను నగరమందలి కెన్సింగ్టను. మే మచ్చట నొక దినము గడపి చూచిన విశేషములను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మొదట రాజభవనమునకుఁ బోయితిమి. విక్టోరియా 1819 మే 24వ తేదీని జన్మించిన దిచ్చటనే. 1837 జూన్ 20వ తేదీ వేకువను, పదునెనిమిదేండ్ల ప్రాయమున, నిద్దుర లేచి తాను రాణి నైతినని విన్నదియు నిచ్చటనే. 1840లో ఆల్బర్టును వివాహమాడినపు డామె ధరించిన తెల్లని పట్టుగౌను స్పిటల్‌ఫీల్డ్సు మగ్గములపై నేసినది. దాని లేసును డెవను సీమలోని బీరు అను పల్లెయందు రెండువందలకుఁ బైగా పనివారు నెలలకొలఁది శ్రమించి యల్లిరి. యంత్రపు లేసు వచ్చి చేతిపని సన్నగిల్లుచున్న కాలమున రాణి చేతిపనినే కోరుట మెచ్చఁదగినది. పాశ్చాత్యదేశములఁ బెండ్లికూఁతురు తెల్లగౌను తొడుగుట యాచారముగాఁ బ్రబలుటకు ఈ పెండ్లి ముఖ్యకారణ మయ్యెను. మన మధుపర్కములును దెల్లనివే కదా!

ఉద్యానము వెంట నడువఁగా ఆల్బర్టు స్మారకము గానవచ్చును. 1861లో భర్త గతించినది మొదలు 1901లోఁ దాను దనువు చాలించువఱకు రాణి నల్లని దుస్తులు విడువలేదు. స్మారకపు నాలుగు మూలలను నాలుగు ఖండముల శిల్పము లున్నవి. వానిలో ఆసియా యనఁగా, ఏనుఁగుపైఁ గూర్చుండి మేలిముసుఁగు దొలఁగించుచున్న యొక స్త్రీ. ఆ విగ్రహమెదుట మేము చాలసేపు నిలిచితిమి.

అచ్చటికి దక్షిణమున విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల యున్నది. 1852లో స్థాపితమైన యీ శాలకు 1899లో రాణియే నేఁటి భవనమునకు శంకుస్థాపన చేసి, యీ పేరు పెట్టెను. ప్రవేశమునకు రుసుము లేదు. వస్త్రశాలయందు నడుము బిగించు కార్సెట్టులను, పావడా విప్పారుటకై 1856లో వెలసిన ఉక్కుకడ్డీల పంజరమును జూచితిమి. కాశ్మీరశాలువలు నాఁటి దొరసానులకుఁ బ్రాణము. వానిని స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమువారు మగ్గములపై ననుకరించిరి. మన మామిడిపిందెకు ఆంగ్లేయు లా పట్టణము పేరే పెట్టుట వింత గాదా?

అయితే యీ సొగసు నకు వెల యెవరు చెల్లించిరి? పంజరపు పావడాల కంచులు పొయ్యినిప్పు తాఁకి యెందఱో స్త్రీలు దగ్ధమైరి. కన్నులపండువైన ఆకుపచ్చ రంగులోఁ బాషాణ ముండెడిది. 1861లో లండనునందుఁ గృత్రిమపుష్పములకు ఆ పొడి యద్దు పందొమ్మిదేండ్ల బాలిక విషముచే మరణించెను. విందుకాలము వచ్చినచో కుట్టుపని పడుచులకు రాత్రి పగ లనునది లేదు. అంతటి రాణి యేలిన దేశమునందే, 1870 వఱకు వివాహిత తన చేతులతో సంపాదించిన కూలియు భర్తదే. 1882 చట్టముతోఁగాని యామెకు సొంతయాస్తి పూర్తిగా దక్కలేదు. మితాక్షరలో స్త్రీధనవిచారము చదివిన మా కిది యాశ్చర్యము గొలిపెను. కాని గ్రంథమందలి హక్కు మన యిండ్లలో నెంతవఱకు నిలిచినదో మన కెఱుకయే. కావున నొకరిని జూచి యొకరు నవ్వవలసిన పని లేదు.

లేసు మనకును దూరపు వస్తువు గాదు. గోదావరి సీమలోని నరసాపురప్రాంతమున క్రైస్తవ ప్రచారకులు ఆ శతాబ్దముననే స్త్రీలకు లేసుపని నేర్పిరి. అది సముద్రములు దాఁటి పోయినది. అల్లిన చేతికి ముట్టిన కూలి మాత్రము స్వల్పము.

సొగసును ద్వేషింపు మని మే మనము. అలంకారము గృహమునకు శోభయే. కాని చెల్లెండ్రారా, యిఁక నొక లేసును గొనునపుడు దాని నల్లిన యాఁడుదానికిఁ దగిన వెల యిచ్చితిమా యని తలఁపుఁడు. బేర మాడునపు డా వ్రేళ్లను స్మరింపుఁడు. అట్లు గొన్న లేసు మన యంచునకు నిజమైన యందము దెచ్చును.