చిల్లర వేసి కొన్న నీడ

రండి, కూర్చోండి. కుర్చీ మీకు నచ్చినవైపు జరుపుకోండి, మొహమాటపడకండి. ఇవాళ్టి కబురంతా ఆ జరుపుకోవడం గురించే.

మా వీధి చివర ఓ ఆఫీసు కాంప్లెక్సుంది. ఆరు రోజులూ దాని ముందు బళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఆదివారం అంత జాగా ఖాళీ. తెల్లారేసరికి మా పిల్లలు మూడు ఇటుకలు నిలబెట్టి వికెట్లంటారు. వాచ్‌మన్ విజిలేస్తాడు. ‘‘ఒక్క ఓవర్ తాతా, లాస్ట్!’’ ఆ లాస్ట్ ఓవర్ ఎనిమిదింటిదాకా సాగుతుంది.

ఇలాంటి బళ్లు పెట్టే జాగాని చూసే శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరికి ఓ చిలిపి ఆలోచన వచ్చింది. 2005 నవంబరు మాట. రీబార్ అనే డిజైన్ బృందం వాళ్లది. అప్పట్లో అక్కడ రోడ్డు పక్కన కారు పెట్టాలంటే మీటర్లో చిల్లర వెయ్యాలి. వేసిన చిల్లర చెల్లినంతసేపూ ఆ జాగా మనదే. మరి అందులో కారే పెట్టాలా? వీళ్లు చిల్లర వేసి, పచ్చిక పరిచి, ఓ బెంచీ, ఓ చెట్టూ తెచ్చి పెట్టారు. దారినపోయేవాళ్లు ఆ నీడన కూర్చున్నారు. రెండు గంటల గడువు తీరగానే పచ్చిక చుట్టేసుకుని వెళ్లిపోయారు. ఆ సరదాయే ‘పార్కింగ్ డే’ అయి ఎన్నో దేశాలకు పాకింది.

రెండు గంటల ముచ్చటకి ఇంత సంబడమా అంటారా? బ్రూక్లిన్‌కి రండి. అక్కడి డంబో పేటలో ముక్కోణపు జాగా ఒకటి కార్లతో నిండి ఉండేది. 2007లో న్యూయార్క్ రవాణా శాఖ నేలకి ఆకుపచ్చ రంగేసి, పూలకుండీలూ బల్లలూ కుర్చీలూ వేసింది. తవ్వకాల్లేవు, కట్టడాల్లేవు. కార్లు నిలిచినచోట జనం కాఫీ తాగుతూ కూర్చున్నారు.

‘‘మరి బళ్లెక్కడ పెట్టుకోవాలండీ?’’ న్యాయమైన ప్రశ్నే. సందులో బండి పెట్టి పక్కింటాయనతో మాట పడ్డవాణ్ణి, ఆ బాధ నాకూ తెలుసు. అందుకే నేనడిగేది బళ్లున్నప్పటి జాగా కాదు, ఊరికే ఎండుతున్నప్పటి జాగా. మా కాంప్లెక్సులో ఆదివారం ఎవరి బండినీ కదపక్కర్లేదు.

అలాంటి జాగాలో జనం కూర్చుంటారా అని మీ అనుమానమా? విలియం వైట్ అనే పెద్దమనిషి న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి జనాన్ని గమనించి, 1980లో పుస్తకం రాశాడు. ఆయన తేల్చిందేమిటయ్యా అంటే, కూర్చోవడానికి చోటుంటే జనం కూర్చుంటారట! నవ్వకండి, ఇంకోటుంది. కుర్చీ కదిలేదైతే మనిషి దాన్ని ఇంతో అంతో జరిపిగానీ కూర్చోడు. ఎండా నీడా మారకపోయినా సరే. జరిపాక ఆ చోటు తనదైపోతుంది.

మొన్న ఆదివారం విజిల్ వినపడలేదేమా అని వెళ్లి చూశాను. గేటు దగ్గరుండాల్సిన ప్లాస్టిక్ కుర్చీ వేపచెట్టు కిందికి, పిచ్ కనపడేలా జరిగి ఉంది. అందులో తాత.

‘‘స్కోరెంతరా?’’ అంటున్నాడు.