ఎక్కే నీళ్ల చప్పుడు

నీళ్లు దిగడానికి ఎవరి సాయమూ అడగవు. ఎక్కించాలంటేనే రొద. బీదర్‌లో ఉండేవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఊరిని ఆనుకున్న నౌబాద్‌లో బహమనీ సుల్తానుల కాలపు కరేజ్ ఉంది. ఇక్కడివాళ్లకు అది సురంగ బావి. పైన వాననీటిని తాగే ఎర్రరాయి, కింద చుక్క ఇంకని నల్లరాయి. ఆ రెండూ కలిసేచోట ఊరే నీటిని పట్టుకుని 15వ శతాబ్దంలోనే రెండు కిలోమీటర్లకు పైగా నేల కింద నడిపించారు. గాలికీ వెలుగుకీ, పూడిక తీయడానికీ దారి పొడుగునా నిలువు బావులు తవ్వారు. వాలు ఉందా లేదా అన్నట్టుంటుంది. మరీ వాలితే నీరు కాలువనే కోసేస్తుంది, వాలకపోతే మట్టి పేరుకుంటుంది. అంతా ఆ కొలతలోనే ఉంది. మోటారు లేదు, మోట లేదు, చప్పుడు లేదు.

కానీ దిగిన నీరు మళ్లీ పైకి రావాలంటే పాత రోజుల్లో ఎడ్లు కావాలి, గిలక కిర్రుమనాలి. మా హాల్లో అక్వేరియానికి వచ్చిన తంటా సరిగ్గా ఇదే.

అది మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 190 లీటర్లు. అంచు దాటిన నీళ్లు పైపులోంచి కింద బీరువాలోని సంపులోకి దిగి, స్పాంజీలు, సిరామిక్ రింగులు దాటి చివరి అరలో చేరతాయి. అక్కడ కూర్చునే రిటర్న్ పంపు వాటిని పైకి పంపుతుంది. వేసవిలో ఫ్యాన్ గోలలో దాని ఊసే తెలియదు. బీదర్ చలికి ఫ్యాన్ ఆపేసిన రాత్రులే వస్తుంది చిక్కు. “ఆ చేపలకు నిద్ర ఉండదేమో గాని నాకు కావాలి” అంటుంది మా ఆవిడ.

షాపులో ఏ పంపు అడిగినా “ఆవాజ్ బిల్కుల్ నహీ సాబ్” అంటారు. నిజమే, బయట ఆటోల హారన్ల మధ్య ఏ పంపు ఆవాజ్ వినబడుతుంది? డబ్బా మీద రాసింది చదువుకోవడమే మేలు. గంటకు 2000 లీటర్లు అన్నది ఎత్తు ఏమీ లేనప్పటి లెక్క. పక్కనే ‘హెచ్ మ్యాక్స్ 2 మీటర్లు’ అని ఉంటుంది. రెండు మీటర్లు హాయిగా ఎక్కిస్తుందని కాదు దానర్థం, ఆ ఎత్తులో చుక్క కూడా బయటికి రాదని. మా సంపు అడుగు నుంచి ట్యాంకు అంచుకు నాలుగడుగులు, దాదాపు 1.2 మీటర్లు. దారిలో ప్రతి ఎల్బో తన వంతు కోసుకుంటుంది. చివరికి సగం నీళ్లు వస్తే గొప్ప. ట్యాంకు నీళ్లు గంటకు ఐదుసార్లు తిరిగితే చాలనుకుంటే మాకు కావలసిందీ ఆ సగమే. పదిసార్లు తిప్పాలని పెద్ద పంపు పెట్టుకుంటే, ఆ నీళ్లు దిగే పైపు గుడగుడలాడి పంపు కంటే ఎక్కువ గోల చేస్తుంది. మీ ఇంట్లో గుడగుడ గాని వినిపిస్తుంటే పంపును తిట్టకండి, అది దిగే పైపులో చిక్కుకున్న గాలి.

మామూలు ఏసీ పంపు రోటరు మన 50 హెర్ట్జ్ కరెంటుతో జత కట్టి నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. తగ్గమంటే తగ్గదు. 24 వోల్టుల డీసీ పంపుకైతే కంట్రోలర్ ఉంటుంది. వేగం తగ్గేకొద్దీ చప్పుడూ తగ్గుతుంది. అందుకే ఏసీ అయితే సరిపడా సైజు, డీసీ అయితే ఒక సైజు పెద్దది కొని నెమ్మదిగా తిప్పుకోవడం మంచిదంటాను. ధర మాత్రం ఎక్కువే. పైగా కంట్రోలర్ పోతే పంపు బాగున్నా పడి ఉండాల్సిందే.

అయితే ఎంత మంచి పంపైనా బిగించడంలో చెడుతుంది. నడుస్తున్న పంపును వైరు పట్టుకోకుండా, ఒంటిని పట్టుకుని నీళ్లలోనే అంగుళం పైకి ఎత్తి చూడండి (చెయ్యి పెట్టేముందు ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉందో లేదో చూసుకోండి). గుయ్ మనే చప్పుడు ఠక్కున ఆగితే దోషం పంపుది కాదు, అది అదిరించే గాజుది, ఆ గాజు కింది ప్లైవుడ్‌ది. బీరువా మొత్తం తబలా అయిపోతుంది. పంపు కింద మందపాటి స్పాంజీ వేయాలి. కొన్నాళ్లకు గట్టిపడిపోయే రబ్బరు కాళ్లను నమ్మొద్దు. పంపు నోటికి నేరుగా పీవీసీ బిగించకుండా మధ్యలో జానెడు సిలికాన్ ట్యూబు పెట్టాలి. ఆ పైపు బీరువా వెనక చెక్కను ఎక్కడా తాకకూడదు. నీళ్లు తగ్గించాలనిపిస్తే బయటికి వెళ్లే దారిలో వాల్వు తిప్పాలి. పీల్చే నోరు మూస్తే పంపు గరగరలాడుతుంది.

కరెంటు పోయినప్పుడు పైనున్న నీళ్లు వచ్చిన దారినే వెనక్కి దిగుతాయి. మా ట్యాంకులో అంగుళం నీళ్లంటే పది లీటర్లు. నీళ్లు పడే నాజిల్‌ను లోతుగా ముంచితే ఆ నీళ్లన్నీ సంపు దాటి హాల్లోకే. అందుకని నాజిల్ నీటిమట్టానికి కాస్త కిందే ఉండాలి, సంపులో ఖాళీ ఉంచుకోవాలి. ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది అయితే ఏసీ పంపు మూలుగు ఇంకా పెరుగుతుంది, దానికి మందు లేదు.

ఎండాకాలంలో ఆవిరైన నీళ్లన్నీ తరిగేది సంపు చివరి అరలోనే. మట్టం తగ్గి పంపు గాలి పీల్చడం మొదలుపెడితే బుడగలూ రొదా ఒకేసారి వస్తాయి. రోజూ చెంబెడు పోస్తే సరి. మా బోరు నీళ్లకు పంపులో నీటిని తోసే ఇంపెల్లర్ మీద తెల్లటి పొర కడుతుంది. వెనిగర్‌లో ఒక గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కొత్తదానిలా తిరుగుతుంది. ఆ పనిలో అది తిరిగే సిరామిక్ షాఫ్టు చేయి జారితే పుటుక్కున విరుగుతుంది. బీదర్‌లో పంపులు దొరుకుతాయి గాని షాఫ్టు విడిగా అడిగితే ముఖం చూస్తారు. అందుకే హైదరాబాదు నుంచి ఓ పెళ్లికి వస్తున్న మా బావమరిదికి ఫోటో, మోడల్ నంబరు వాట్సాప్ చేశాను. “బావా, ఇది ఏ బండి స్పేర్ పార్టు?” అని అడిగాడు. చేపలదని చెబితే రెండు తెస్తానన్నాడు.