డాక్టరు అడిగే ఆ ఒక్క ప్రశ్న

ఆ గదిలో నలుగురున్నారు. బల్లకు అవతల డాక్టరు. ఇవతల తల్లి, తండ్రి, వారి మధ్య పదిహేడేళ్ళ కుర్రవాడు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. మూడు నెలలుగా అతడు పుస్తకం తెరవలేదు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న క్రికెట్ బ్యాటు అటకెక్కింది. పిలిస్తే విసుగు, పిలవకపోతే మౌనం. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కతికి లేచిపోతాడు. ఒకనాటి రాత్రి, "నేను లేకపోతే మీకే సుఖమేమోనమ్మా" అన్నాడు. ఆ మాట విన్నాక తల్లికి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే పట్టుబట్టి అతణ్ణి ఆసుపత్రికి తీసుకువచ్చింది.

డాక్టరు అన్నీ ఓపికగా విన్నాడు. మందుచీటీ ముందుకు జరుపుకుంటూ అడిగాడు: "మీ కుటుంబంలో ఇదివరకు ఎవరికైనా మానసికమైన జబ్బు ఉండేదాండీ?"

"అబ్బే! మా వంశంలో అటువంటివేమీ లేవండీ" అన్నాడు తండ్రి, ప్రశ్న పూర్తి కాకుండానే.

తల్లి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూసింది.

ఇది ఏ ఊళ్ళోనైనా జరగవచ్చు, జరుగుతూనే ఉంది. ఆ అబద్ధంలో దురుద్దేశమేమీ లేదు. ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురు ఉండవచ్చు. సంబంధాలు కలుపుకునేవారు మూడు తరాల వెనక్కి తవ్వి చూస్తారు. పిచ్చి అన్న మాట ఒకసారి ఇంటి గడప తొక్కితే మళ్ళీ బయటికి పోదన్న భయం. కాని, తాను అన్న ఆ "అబ్బే" కొడుకుకు రాయబోయే మందునే మార్చివేయగలదని ఆ తండ్రికి తెలియదు.

దాని విలువ తెలియాలంటే మరొక ఇంటి కథ వినాలి. ఆ ఇల్లు లండనులోది. అయినా, ఆ ఇంటివారితో మన దేశానికి సంబంధం లేకపోలేదు.

భారతదేశపు న్యాయస్థానాలలో 1872 నుంచి 2024 జూన్ 30 వరకు అమలులో ఉన్న సాక్ష్య చట్టాన్ని రూపొందించినవాడు సర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. వైస్రాయి మండలిలో న్యాయశాఖ సభ్యుడిగా 1869లో ఇక్కడికి వచ్చి, 1872లో తిరిగి వెళ్ళాడు. ఏది సాక్ష్యమో, ఏది కాదో దేశానికంతటికీ నిర్ణయించి చెప్పిన మేధావి అతడు. అతడి తండ్రి సర్ జేమ్స్ స్టీఫెన్, బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 నాటి చట్టానికి ముసాయిదా రాశాడు. పనిభారంతో ఒకటికంటె ఎక్కువసార్లు కుప్పకూలాడు. ఫిట్జ్‌జేమ్స్ తమ్ముడు లెస్లీ స్టీఫెన్ ఇంగ్లండులోని ప్రముఖుల జీవితచరిత్రలను సంపుటాలుగా వెలువరించిన సంపాదకుడు. నిద్రలేమితో, రాత్రివేళల్లో కారణం లేని భీతితో బాధపడి, 1891లో ఆ పదవి వదులుకున్నాడు.

మూడో తరంలో ఇది మరింత స్పష్టంగా బయటపడింది. ఫిట్జ్‌జేమ్స్ కుమారుడు జేమ్స్ కెన్నెత్ కవి, అందగాడు, మాటకారి. కేంబ్రిడ్జిలో విక్టోరియా రాణి మనుమడికి చదువు చెప్పినవాడు. అటువంటివాడు ఉన్నట్టుండి పట్టపగ్గాలు లేకుండా ప్రవర్తించసాగాడు. ఒకనాడు పినతండ్రి లెస్లీ ఇంటికి వచ్చి, పిల్లల గదిలోకి దూసుకుపోయి, చేతికర్రలో దాచిన కత్తి దూసి అక్కడున్న రొట్టెలో గుచ్చాడు. ఆ ఉధృతి తగ్గినప్పుడు అంతులేని దిగులు. 1892 ఫిబ్రవరిలో నార్తాంప్టన్‌లోని మానసిక చికిత్సాలయంలో, 32 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. కొన్నేళ్ళ క్రితం ప్రమాదవశాత్తూ తలకు తగిలిన దెబ్బే దీనికంతటికీ కారణమని ఆ కుటుంబం నమ్మింది. దెబ్బ పాలు ఎంతో, రక్తం పాలు ఎంతో ఇవాళ తేల్చి చెప్పడం సాధ్యం కాదు. మన ఇళ్ళలోనూ అంతే. దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, చదువు ఎక్కువై మతి చలించిందంటారు. తాత ముత్తాతల వైపు మాత్రం వేలు చూపరు.

రొట్టెలో కత్తి దిగిన ఆ ఇంట్లో అప్పటికి పదేళ్ళు నిండని ఒక బాలిక ఉండేది. లెస్లీ కుమార్తె వర్జీనియా. ఆమె తల్లి జూలియా 1846లో కలకత్తాలో పుట్టింది. ఆ ఇంటి పిల్లలు 1891 నుంచి చేతిరాతతో ఒక ఇంటి పత్రిక నడిపేవారు. అందులో ఎక్కువ భాగం వర్జీనియా రచనే. 1895 మే 5న జూలియా మరణించింది. దాంతో ఆ పత్రిక ఆగిపోయింది. తండ్రి శోకం ఇల్లంతా కమ్ముకుంది. పదమూడేళ్ళ వర్జీనియా మనసు ఆ వేసవిలో తొలిసారి చెదిరింది. గుండె దడదడలాడేది. కొత్తవారిని చూస్తే భయం. తన మీద తనకే ఏవగింపు. డాక్టరు చదువు మాన్పించి, రోజూ ఆరుబయట తిప్పమన్నాడు. అంతకు మించి చేయగలిగింది అతడికి తెలియదు.

పెద్దయ్యాక ఆమె వర్జీనియా వుల్ఫ్‌గా, ఆధునిక ఆంగ్ల నవలకు కొత్త దారి వేసిన రచయిత్రిగా లోకప్రసిద్ధి పొందింది. జబ్బు మాత్రం 1904లో, 1910లో, 1913లో మళ్ళీ మళ్ళీ తిరగబెట్టింది. 1904లో ఆమెకు వైద్యం చేసిన డాక్టర్ జార్జ్ శావేజ్, అంతకుముందు ఆమె పెదనాన్న కొడుకు జేమ్స్ కెన్నెత్‌ను చూసినవాడే! కుటుంబ చరిత్ర ఆయన కళ్ళ ముందే ఉంది. కాని ఆయన చేతిలో మందు లేదు. విశ్రాంతి, పాలు, చదువు రాతల మీద నిషేధం: ఆ కాలపు వైద్యం అంతే.

ఆమె భర్త లెనార్డ్ వుల్ఫ్ 1904 నుంచి 1911 వరకు సింహళంలో ప్రభుత్వోద్యోగి. పెళ్ళయిన మరుసటి ఏడాది, 1913లో, భార్య ఆరోగ్యస్థితిని తన డైరీలో రాసుకోసాగాడు. ఇతరుల కంటపడకుండా, తమిళ, సింహళ అక్షరాలతో ఒక రహస్యలిపి కల్పించుకుని రాశాడు. నిద్ర, ఆహారం, మనసు స్థితి రోజూ రాసి పెట్టమని నేటి వైద్యులు చెబుతారు. ఏ వైద్యుడూ నేర్పకుండానే లెనార్డ్ ఆ పని చేశాడు.

జబ్బును వర్ణించడానికి ఆంగ్లభాషలో మాటలు కరువని 1926లో ఒక వ్యాసంలో ఆమె వాపోయింది. 1941 మార్చి 28న, 59 ఏళ్ళ వయసులో, ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. ఆమెది బైపోలార్ డిజార్డర్ అయి ఉంటుందని నేటి వైద్యులలో చాలామంది అభిప్రాయం. ఆమె పోయిన ఎనిమిదేళ్ళకు, 1949లో, ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం అనే సామాన్యమైన లవణం ఈ జబ్బు ఉధృతిని అణచగలదని ప్రకటించాడు.

స్టీఫెన్ల ఇంట్లో చరిత్ర తెలుసు, మందు లేదు. మన ఇళ్ళలో మందు ఉంది, చరిత్ర చెప్పం.

ఈ జబ్బుకు రెండు ముఖాలు. ఒకటి ఉధృతి: రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట ఉండదు, మాట ఆగదు, లేని డబ్బు ఖర్చవుతుంది, ఆకాశానికి నిచ్చెనలు వేయబుద్ధి అవుతుంది. రెండోది కుంగుబాటు. చిన్న వయసులో తరచు మొదట కనిపించేది ఈ రెండో ముఖమే. అప్పుడది మామూలు డిప్రెషన్‌లాగే ఉంటుంది. ఎంత అనుభవజ్ఞుడైన డాక్టరైనా ఆ కుర్రవాణ్ణి చూసి మాత్రమే తేడా పోల్చుకోలేడు. తేడా పట్టించే ఆధారాలలో బలమైనది వంశచరిత్ర. బైపోలార్ ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే, కొందరిలో అది ఉధృతిని రెచ్చగొట్టవచ్చు. వంశంలో ఆ జబ్బు ఉందని తెలిసిన డాక్టరు మందును మరోవిధంగా ఎంచుకుంటాడు, తరచుగా రమ్మంటాడు, ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే తీసుకురావాలో ముందే హెచ్చరిస్తాడు.

వంశచరిత్ర చెప్పడమంటే శిక్ష రాయించుకోవడం కాదు. తల్లిదండ్రులలో ఒకరికి ఈ జబ్బు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 5 నుంచి 10 వరకు. అంటే నూటికి 90 మందికి పైగా రాదు. దీనికి కారణం ఒక్క జన్యువు కాదు. అనేక జన్యువులు తలా కాస్త పాలు పంచుకుంటాయి. మిగిలినది జీవితం చేస్తుంది. ఫిట్జ్‌జేమ్స్ భాషలో చెప్పాలంటే వంశచరిత్ర సాక్ష్యమే తప్ప తీర్పు కాదు.

అమెరికాలో 1946లో పుట్టిన కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ కథ ఇందుకు నిదర్శనం. తండ్రి ఉద్వేగాల ఎగుడుదిగుళ్ళు చూస్తూ పెరిగిన అమ్మాయి. హైస్కూలు చివరి ఏడాదిలో ఆమెకూ జబ్బు మొదలైంది. మొదట్లో మందు వేసుకోవడానికి మొరాయించి, చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఆ తర్వాత లిథియం విడిచిపెట్టలేదు. తన జబ్బునే పరిశోధించే ఆచార్యురాలై, 1995లో తన కథ తానే పుస్తకంగా రాసి లోకానికి చెప్పింది. వర్జీనియాకు దక్కని మందు ఆమెకు దక్కింది.

మన దేశంలోనూ దారులు లేకపోలేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. రెండు వారాలకు మించి పిల్లవాడు ఏ సరదా లేకుండా ముడుచుకుపోతే, చావు మాట ఒక్కసారి నోట వచ్చినా, ఆలస్యం చేయరాదు. అయితే ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా ఆ ప్రశ్న తప్పదు.

మళ్ళీ ఆ గదిలోకి వద్దాం. డాక్టరు కలం మూత తీశాడు. ఎందుకో ఆగి, తల్లి వైపు తిరిగాడు. "మీకేమైనా గుర్తుకొస్తోందా అమ్మా?"

ఆమె భర్త ముఖం చూడలేదు. "మా చిన్నమామగారండీ..." అంది, గొంతు పెగల్చుకుని. "వారాల తరబడి నిద్రపోయేవారు కాదట. గుడి కట్టిస్తానని నాలుగెకరాలు రాత్రికి రాత్రి బేరం పెట్టారు. ఆ తర్వాత ఆర్నెల్లు గది వదిలి రాలేదు. ఆఖరికి..." ఇక చెప్పలేకపోయింది.

డాక్టరు తల ఊపి, ఆ చీటీ పక్కన పెట్టి, మరో కాగితం తీసుకున్నాడు. "మంచిపని చేశారు, చెప్పారు" అన్నాడు.

తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు, వచ్చినప్పటినుంచి నోరు విప్పని కుర్రవాడు తలెత్తాడు.

"ఆ తాతయ్య ఎలా ఉండేవాడు నాన్నా?"

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు.

"మంచివాడురా" అన్నాడు చివరికి. "చెరువులో నాకు ఈత నేర్పింది బాబాయే."