ఒక్కపొద్దు తలనొప్పి

ఇంగ్లండులోని రెడింగ్‌లో మా డాక్టరు నా చేతికిచ్చిన కాగితంలో మైగ్రేన్ ఉన్నవాళ్లు జాగ్రత్తపడాల్సిన తిండి అంతా రాసి ఉంది. మాగబెట్టిన చీజ్, రెడ్ వైన్, చాక్లెట్, నైట్రేట్లు వేసి నిలవ ఉంచిన మాంసం, రొట్టెకు రాసుకునే మార్మైట్, అజినోమోటో. శ్రీకాళహస్తిలో పుట్టి రాగి సంగటి, చెనక్కాయల చట్నీ తిని పెరిగినదాన్ని బ్లూ చీజ్ మానేయమంటే, మానడానికి నా దగ్గర ఏముంది? కానీ అడుగున ఇంకో మాట ఉంది: పులియబెట్టిన పదార్థాలు. ఆ మాటతో ఇడ్లీ, దోసె, పెరుగు, సద్దన్నం అన్నీ పోతాయి. ఇక మిగిలేది సంగటే.

ఈ నొప్పి ఎరగనివాళ్లకు చెప్పడం కష్టం. నాకు ఎడమ కణతలో మొదలై కంటి వెనక్కి దిగుతుంది. నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. వెలుతురు పడదు, పోపు వాసన పడదు, చివరికి వాంతి. కన్నప్ప తన కన్ను పీకి స్వామికిచ్చిన కథ వింటూ, ఆయన పేరున్న కొండను రోజూ చూస్తూ పెరిగాను. నొప్పి ముదిరితే ఎవరడిగినా ఆ ఎడమ కన్ను ఇచ్చేద్దామనిపిస్తుంది, భక్తితో పని లేకుండానే. ఊళ్లో ఉన్నప్పుడు ఇరుగుపొరుగు చెప్పిన కారణం వేరు. సర్పదోషం ఉందేమో, రాహుకేతు పూజ చేయించమనేవాళ్లు. ఎక్కడెక్కడి జనమో రాహుకాలం చూసుకుని మా ఊరికి వస్తుంటే, మాడ వీధుల్లో కాపురం ఉండి చేయించుకోకపోతే ఎట్లా? చేయించాం. అమ్మ మనసు కుదుటపడింది. నా తల సంగతి వేరు.

ఇంతకీ ఆ జాబితా ఎక్కడ పుట్టిందా అని చదువుతూ పోతే చిత్రమైన సంగతులు తెలిశాయి. డిప్రెషన్‌కి అప్పట్లో ఇచ్చే ఒక రకం మాత్రలు వాడేవాళ్లకు చీజ్ తిన్నాక రక్తపోటు ఎగదన్ని, తల పగిలిపోయే నొప్పి వచ్చేది. 1963లో బారీ బ్లాక్‌వెల్ అనే డాక్టరు లండన్ నుంచి ఈ సంగతి లాన్సెట్ పత్రికలో రాశాడు. చీజ్ మాగేకొద్దీ అందులో టైరమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఆ మాత్రలు దాన్ని ఒంట్లో విరగనివ్వవు. నాలుగేళ్ల తర్వాత, 1967లో, ఎడ్డా హానింగ్టన్ అనే వైద్యురాలు, తిండి వల్ల మైగ్రేన్ వచ్చే కొందరికి కూడా టైరమినే కారణం కావచ్చని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. ఆ తర్వాత చేసిన పరీక్షలు ఒకటి అవునంటే ఇంకోటి కాదంది. జాబితా మాత్రం డాక్టర్ల బల్లల మీద స్థిరపడిపోయింది. నెలల తరబడి మాగిన చీజ్‌నీ, రాత్రి రుబ్బితే పొద్దునకు ఆవిరికెక్కే ఇడ్లీనీ ఒకే గాటన కట్టడం నాకు సబబుగా తోచలేదు. ఇడ్లీ మానలేదు.

అజినోమోటో కథా అంతే. మా బస్టాండు దగ్గర నూడుల్స్ బండివాళ్లు టేస్టింగ్ సాల్ట్ అంటారే, అదే. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి దాని రుచి కనిపెట్టాడు. 1968లో అమెరికాలో ఒక డాక్టరు, చైనా హోటల్లో తింటే తనకు మెడ తిమ్మిరెక్కుతోందని ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. వంటలో పోసే వైనా, ఉప్పా, ఇదా అని అనుమానం మాత్రమే పడ్డాడు. లోకం దీన్నే పట్టుకుంది. ఏది తింటున్నారో తెలియకుండా పెట్టి చూసిన పరీక్షల్లో నేరం గట్టిగా రుజువు కాలేదు. మధ్యాహ్నం అన్నం ఎగ్గొట్టి రాత్రి పదింటికి బండి దగ్గర నిలబడి తిన్నవాడికి తల నొస్తే, తప్పు చిటికెడు ఉప్పుదేనా?

తీపి గురించి తెలిసింది మాత్రం నాకు నిజంగా పనికొచ్చింది. నొప్పికి ముందురోజు నాకు బెల్లం ముక్క కోసం ప్రాణం లాగుతుంది. ఊరికే ఆవులింతలొస్తాయి, మెడ పట్టేస్తుంది. మర్నాడు తల నొస్తే ఇంట్లో అందరూ బెల్లాన్నే తిట్టేవాళ్లు. డాక్టర్లు ఇప్పుడు చెప్పేది తలకిందులుగా ఉంది. నొప్పి తెలియడానికి గంటల ముందే, ఒక్కోసారి ఒక రోజు ముందే, మెదడులో హైపోథాలమస్ దగ్గర అలజడి మొదలవుతుందట. తీపి మీదికి మనసు పోవడం దాని గుర్తే. చాక్లెట్ మీద పడ్డ నింద కూడా చాలామటుకు ఇట్లా వచ్చిందే కావచ్చు.

డాక్టరు కాగితంతో పాటు ఒక డైరీ కూడా రాయమన్నారు. తిండి, నిద్ర, నెలసరి, వాతావరణం. రాసింది తిరగేస్తే నెలసరి ముందు రోజులు తేలాయి, అవి ఊహించినవే. మిగతావి ఏదో తినడం వల్ల వచ్చినవి కావు, తినకపోవడం వల్ల వచ్చినవి. మీటింగులో పడి భోజనం జారిపోయిన రోజులు. పొద్దెక్కేదాకా పడుకుని కాఫీ ఆలస్యమైన శనివారాలు. అన్నిటికన్నా గట్టిగా కనబడింది శివరాత్రి.

కాళహస్తిలో శివరాత్రి అంటే పండగలకు పండగ. ఊరికి ఊరే మేలుకుని ఉంటుంది. చీకటితో లేచి తలస్నానం, పొద్దంతా ఒక్కపొద్దు, గంటల కొద్దీ క్యూలో నిలబడడం, నంది వాహనం కోసం వీధిలో చోటు పట్టడం, లింగోద్భవ కాలం దాటేదాకా కన్ను మూయకపోవడం. మా ఇంట్లో ఆ రోజు కాఫీ కూడా ఉండేది కాదు. ఖాళీ కడుపు, నిద్ర లేకపోవడం, నీళ్లు తక్కువ కావడం, కాఫీ తెగడం, లైట్లు, మేళాలు. మైగ్రేన్ తెప్పించమని ఎవరినైనా అడిగితే ఇంతకన్నా మంచి ఏర్పాటు చేయలేరు. తెల్లారి నేను చీకటి గదిలో తలకు తుండుగుడ్డ బిగించుకుని పడి ఉంటే, అవ్వ శొంఠి అరగదీసి పట్టు వేసేది. ఎండకు తిరిగావని కోప్పడేది. ఒక్కపొద్దును ఎవరూ అనుమానించలేదు. దేవుడి పేర ఉన్నదాన్ని అనుమానిస్తారా?

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. యూదులు యోమ్ కిప్పూర్ నాడు ఒక పగలూ రాత్రీ పచ్చి మంచినీళ్లు ముట్టరు. ఇజ్రాయెల్‌లో ఆసుపత్రి సిబ్బందిని అడిగి 1995లో అచ్చువేసిన పరిశీలన ప్రకారం, ఉపవాసం ఉన్నవాళ్లలో నూటికి 39 మందికి తల నొచ్చింది. ఉండనివాళ్లలో నూటికి ఏడుగురికి. రంజాన్ మొదటి రోజుల తలనొప్పి గురించీ ఇట్లాంటి పరిశీలనలు ఉన్నాయి. అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో ఉపవాసపు తలనొప్పికి విడిగా ఒక పద్దు ఉంది, ఎనిమిది గంటలు తినకపోతే చాలు. కాఫీ ఆపితే వచ్చేదానికీ పద్దు ఉంది. రోజూ అలవాటుగా తాగేవాళ్లకు అది 24 గంటల్లోపే పట్టుకుంటుంది.

అవ్వ ఇంకో వైద్యం చేసేది. వరసగా నొప్పి వచ్చే రోజుల్లో తెల్లవారకముందే లేపి, పెరుగన్నం నాలుగు ముద్దలు తినిపించేది, సూర్యుడు చూడకూడదని. సూర్యుడి సంగతి నాకు తెలియదు గానీ, రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులో పొద్దున్నే అన్నం పడటం నాకు మంచిదే అయింది. డాక్టరు కాగితంలో పులిసినవి వద్దన్న జాబితాలో పెరుగు ఉంది, అవ్వ మందులో పెరుగే ఉంది. నేను అవ్వ పక్షం. అయితే టిఫిను డబ్బా వేళకు తెరవడం, శనివారమైనా కాఫీ ఆ టైముకే తాగడం నేర్పింది మాత్రం ఈ దేశపు డైరీయే.

ఇక్కడ శివరాత్రి చాలాసార్లు ఆఫీసు రోజున పడుతుంది. పోయినసారి పొద్దున్నే అమ్మ ఫోను చేసి మొదట అడిగింది, “ఏం మే, కడుపులోకి ఏమన్నా పోయిందా లేదా?” అని. ఉడకేసిన చిలగడదుంప, అరటిపండ్లు, గ్లాసుడు మజ్జిగ, కాఫీ అన్నాను. కాఫీ దగ్గర కాసేపు ఆగింది.

“పాలల్లోనే కదా కలుపుతావు. ఫలహారం కిందికే వస్తాదిలే.”